కప్పు కింద పళ్ళెం

సోమవారం పొద్దున బట్టలు ఉతుకుతుంటే ముందుగదిలోంచి టింగుమని చప్పుడైంది. సబ్బునీళ్ళలో బెథయా చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

పెద్ద చప్పుడేం కాదు. గాజు అంచు మీద గోటితో మీటితే ఎంత వినబడుతుందో అంతే. కాని ఆ వేళకి ఆ గదిలో మనిషి ఉండకూడదు. బుధవారం దులపడానికో, చుట్టాలొస్తేనో పాస్టరుగారొస్తేనో తప్ప ఆ తలుపు తీయరు. ఇంటాయన, చర్చి పెద్ద డీకన్ హ్యాలెట్ గారు ఉప్పుమళ్ళ దగ్గరికి వెళ్ళారు. అమ్మగారు మేడ మీద దుప్పట్లు లాగుతున్న అలికిడి తలమీద వినబడుతూనే ఉంది. ఇంట్లో ఇక మిగిలిన మనిషి ఒక్కతే.

"అక్కా!" అని పిలిచింది బెథయా, గొంతు పెంచకుండా.

పలుకు లేదు. దాంతో ఇంకా భయం వేసింది. అక్క పేరు సైలెన్సు. ఆ పేరు పెట్టిన తండ్రి ఏ ఆశతో పెట్టాడో గాని, నిద్రలో తప్ప ఆ నోరు ఆగదు. కోళ్ళతో మాట్లాడుతుంది, చీపురుతో మాట్లాడుతుంది. అలాంటిది పలకలేదంటే ఏదో జరిగిందన్నమాటే.

చేతులు తుడుచుకోకుండానే వెళ్ళింది. ముందుగది తలుపు ఓరగా తీసి ఉంది. కిటికీ పక్కనున్న అల్మరా రెక్క కూడా తీసి ఉంది. సైలెన్సు దాని ముందు నిలబడి, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తోంది. పొద్దుటెండ అల్మరాలోని గాజు మీద పడి, అక్క నడుముగుడ్డ మీద బియ్యం చల్లినట్టు వెలుగు చుక్కలు పడ్డాయి.

"పాడిందే చెల్లీ. పళ్ళెం పాడింది."

అల్మరాలో కప్పుపళ్ళేలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అరచేతిలో ఇమిడే బుల్లి పళ్ళేలు. టీ సాసర్లో పోసుకుని తాగుతూ, తడి కప్పుని బల్లగుడ్డ మీద పెట్టకుండా దాని మీద పెడతారు. నడుమ తెరచాప ఎత్తిన ఓడ, చుట్టూ ఆవగింజలంత చుక్కలు, లేసు అల్లినట్టు. అచ్చులో వేసి నొక్కిన గాజు. కొనాలంటే బోస్టనులో దొరుకుతాయి గాని, ఇవి అమ్మగారి తమ్ముడు ఆంబ్రోజ్ పంపినవి. ఊరి చివర గాజుబట్టీ మీద పెత్తనం ఆయనదే. వచ్చి పది రోజులు కూడా కాలేదు.

మూడోది ఓడ నడిమికి రెండుగా చీలి ఉంది.

"ముట్టుకున్నావా?" అంది బెథయా.

"లేదే."

"నిజం చెప్పక్కా. ముట్టుకున్నావా లేదా?"

సైలెన్సు చెల్లెలి మొహం చూసింది. గొంతు గట్టిపడటం వింది. "ముట్టుకున్నానే," అంది.

ఇక అంతే. గట్టిగా రెండోసారి అడిగితే అక్క దేనికైనా అవుననే అంటుంది. మొదటి మాట నిజమో రెండోది నిజమో అడిగి తెలుసుకునే దారి లేదు. మేడ మెట్ల మీద అమ్మగారి అడుగు వినబడింది. బెథయా రెండు ముక్కలూ ఒడిలో వేసుకుంది, మిగతా పళ్ళేలు కాస్త కాస్త ఎడంగా జరిపి సందు కప్పేసింది, అల్మరా మూసింది, అక్క మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. సబ్బు కాయడానికి దాచిన బూడిద పీపా కొట్టంలో ఉంది. మోచేతి దాకా చెయ్యి దించి ముక్కలు అడుగున పెట్టింది.

తర్వాత ఉతికిన దుప్పటే మళ్ళీ ఉతికింది.

వచ్చే సోమవారం ఊరి సభ. రోడ్లూ పన్నులూ తేలాక, చివర్లో దిక్కులేని వాళ్ళని బల్ల ముందు నిలబెడతారు. ఊరి సొమ్ములోంచి అందరికన్నా తక్కువ తీసుకుని ఏడాది పొడుగునా తిండి పెడతానని ఎవరు వేలం పాడితే, ఆ మనిషి వాళ్ళ ఇంటికి పోవాలి. నాలుగేళ్ళుగా ఆ పాట కెప్టెన్ డాగెట్ దే. పోయినేడు ఆయన తీసుకెళ్ళిన పీజ్ ముసలమ్మ చలికాలం గడిచేసరికి రెండు వేళ్ళు పోగొట్టుకుంది. నిప్పులేని కొట్టంలో పడుకోబెట్టారట. ముసలమ్మ చర్చిలో పాటల పుస్తకం మూడు వేళ్ళతో పట్టుకుని నిలబడితే ఆవిడ వంక ఎవరూ చూడలేదు. బెథయా చూసింది.

సైలెన్సు ఈ ఇంట్లో తింటోందంటే బెథయా ఇద్దరి పని చేస్తోంది కాబట్టి. ఆరేళ్ళ కిందట అమ్మగారు ఒకే ఒక మాట అన్నారు. "మీ అక్క వల్ల నా ఇంట్లో నష్టం జరగనంత కాలం."

*

మంగళవారం బెథయా ఇస్త్రీ చేస్తోంది. శుక్రవారం ఊరి పెద్ద స్క్వైర్ బాసెట్ గారూ ఆయన భార్యా టీకి వస్తున్నారని, అమ్మగారు కప్పుపళ్ళేలు తన చేత్తోనే కడుగుదామని అల్మరా తీశారు. ఆ రెక్క కిర్రుమనడం వినగానే బెథయా చేతిలో ఇస్త్రీపెట్టె బరువెక్కింది.

"బెథయా, ఇలా రా."

వెళ్ళింది. బల్ల మీద పదకొండు పళ్ళేలు పరిచి ఉన్నాయి.

"ఇంకోటేదీ?"

మాట రాత్రే సిద్ధం చేసుకుంది. "నేనే పగలగొట్టానమ్మగారూ. నిన్న పొద్దున దుమ్ము తుడుస్తుంటే జారింది. భయపడి చెప్పలేదు."

అమ్మగారు తిట్టలేదు. బెథయా చేతుల వంక చూస్తూ కూర్చున్నారు. తిడితే బాగుండుననిపించింది బెథయాకి.

"నిన్న ఏం వారం?"

"సోమవారమండీ."

"సోమవారం నువ్వు ఉతుకుతావు. ఆరేళ్ళలో ఏ సోమవారమైనా ఈ గదిలో గుడ్డ పట్టుకున్నావా? నీ చేతులు మోచేతుల దాకా తడి. ఈ ఊళ్ళో ఏ ఆడదైనా సోమవారం దుమ్ము తుడుస్తుందా?"

బెథయా రాత్రంతా ఆలోచించింది, ఎలా జారిందో, ఏ మూల పడిందో అన్నీ కూర్చుకుంది గాని వారం సంగతి తట్టలేదు.

"ఆమే పగలగొట్టింది. నువ్వు వెనకేసుకొస్తున్నావు," అన్నారు అమ్మగారు. "అబద్ధమాడావని నిన్ను పొమ్మనను. తోడబుట్టినదాని కోసం ఆడావు. కాని శుక్రవారం స్క్వైర్ గారితో చెప్తాను, సభకి రాసే పేర్లలో ఆమె పేరు కూడా రాసుకోమని. నువ్వు ఉండు. నీ పనికి వంక లేదు."

"అమ్మగారూ, అక్క ఏం చెప్పినా నమ్మకండి. ఏది అడిగినా అవునంటుంది. కావాలంటే చూడండి." బెథయా తలుపు దగ్గరికి వెళ్ళి పిలుచుకొచ్చింది. గొంతు గట్టిగా పెట్టి అడిగింది. "అక్కా, క్రిస్మస్ ముందు తుఫానులో ఓడ మునిగిందే, అది ముంచింది నువ్వేనా? సూటిగా చెప్పు, నువ్వేనా?"

సైలెన్సు ఇద్దరి మొహాలూ చూసింది. "నేనేనే. కావాలని ముంచలేదు," అంది.

అమ్మగారి పెదవి కొస కదిలింది. నవ్వొచ్చిందనుకుంది బెథయా, గుండె కాస్త కుదుటపడబోయింది. కాని ఆవిడ పదకొండు పళ్ళేలనీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, "ఓడ ముంచలేదని నాకు తెలుసు. పళ్ళెం సంగతి నాకు తెలీదు. తేడా అదీ," అన్నారు.

*

బుధవారం ముందుగది దులపడం బెథయా పనే. కిటికీలోంచి పెరడు కనబడుతోంది. సైలెన్సు కోళ్ళకి గింజలు చల్లుతూ, ఎర్రకోడిని తిడుతోంది. "నీకెంత ఆశే, పక్కదాన్ని తిననివ్వవేం? డాగెట్ కెప్టెనువి నువ్వు."

టింగ్!

బెథయా వెనక్కి తిరిగింది. అల్మరా మూసి ఉంది. తాళం కూడా వేసి ఉంది. తాళంచెవి మంగళవారం నుంచి అమ్మగారి నడుముకే ఉంటోంది. అద్దం రెక్క వెనక వరసలో ఒక పళ్ళెం మెల్లగా రెండై, ఒక ముక్క పక్కకి ఒరిగింది. గదిలో ఈగ కూడా లేదు.

మొదట సంతోషం వేసింది. అక్క కాదు! అక్క అక్కడ కోళ్ళతో ఉంది! ఆ వెంటనే మెడ వెనక వెంట్రుకలు నిక్కాయి. అక్క కాకపోతే మరెవరు? చర్చికి పోయే ఇల్లు ఇది. ఈ ఇంట్లో కంటికి కనబడనిది ఏం తిరుగుతోంది?

చప్పుడుకి అమ్మగారు వచ్చారు.

"తాళం వేసే ఉందమ్మగారూ," అంది బెథయా వెనక్కి అడుగేస్తూ. "నేను ముట్టుకోలేదు. అక్క పెరట్లో ఉంది, చూడండి, వినండి."

అమ్మగారు కిటికీలోంచి చూశారు. అల్మరా తాళం తీసి ముక్క చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ మొహం కూడా తెల్లబోయింది. కాసేపటికి ఆ తెలుపు కోపంగా మారింది.

"ఈ అల్మరా కాళ్ళు సమంగా లేవు. నువ్వు చీపురుతో గుద్దావు."

"లేదండి."

"మీ అక్క ఎదురుగా లేనప్పుడు ఒకటి పగిలితే మీ అక్క బయటపడుతుందని గుద్దావు. అంత తెలివి నీకుంది."

అంత తెలివి ఉంటే బాగుండుననుకుంది బెథయా.

*

గురువారం అమ్మగారు తమ్ముడికి పొద్దున చేసిన రొట్టె పంపారు. బెథయా ఉప్పుగాలికి అడ్డంగా, బురదనేల మీది చెక్కదారి వెంట బట్టీకి నడిచింది. లోపల అచ్చుయంత్రం దగ్గర ఇద్దరు పని చేస్తున్నారు. ఒకడు ఇనుపగొట్టం కొసన తేనెముద్దలా వేలాడే గాజు తెచ్చి అచ్చు మీద వంచుతాడు. రెండోవాడు కత్తెరతో సరిగ్గా కావలసినంత కత్తిరించి, పిడి పట్టుకుని కిందికి లాగుతాడు. పిడి ఎత్తేసరికి ఎర్రటి పళ్ళెం. రొట్టె తీసుకుని ఆంబ్రోజ్ గారు ఆఫీసులోకి వెళ్ళిపోయారు.

చల్లార్చే బట్టీ చివర ఐర్లండు ముసలాయన టీగ్ గాజు సరుకు పేర్చిన ఇనుప పళ్ళేలు లాగుతున్నాడు. బెథయా అటూ ఇటూ చూసి దగ్గరికి వెళ్ళింది.

"టీగ్ గారూ, గాజు దానంతటది పగులుతుందా?"

"నువ్వు చర్చి తెగ దానివి, నాలాంటి కేథలిక్కుని అడిగితే నీ పాపం పెరగదూ?" అని నవ్వాడు ముసలాయన. ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "ఓడ బొమ్మవా?"

"మీకెలా తెలుసు?"

టీగ్ బట్టీ వంక గడ్డంతో చూపించాడు. "ఆ చివర వేడి, ఈ చివర చలి. అటు నుంచి ఇటు మూడు రోజులు నడవాలి తల్లీ గాజు. మెల్లగా, ముసలాళ్ళు నడిచినట్టు. ఆ ఓడలవి ఒకటిన్నర రోజులో లాగేయించారు. బోస్టను పడవ అందుకోవాలట. పైన చల్లారుతుంది, లోపల కోపం అలాగే ఉంటుంది. ఒకటి వారానికి పోతుంది, ఒకటి ఆర్నెల్లకి. వేడి తగిలితే ముందే పోతుంది."

బెథయాకి ఏడుపొచ్చింది. దయ్యం కాదు, అక్క కాదు. "ఈ మాట మా అమ్మగారితో చెప్తారా? రేపు స్క్వైర్ గారొస్తున్నారు. ఒక్క మాట."

ముసలాయన ఇనుప పళ్ళేన్ని ఒకటికి రెండుసార్లు సర్దాడు.

"మీ అమ్మగారి తమ్ముడే కదమ్మా లాగమన్నది. చెప్తే సోమవారం నేను కూడా ఆ పాటలో బల్ల ముందు నిలబడతాను. ముసలి ఐర్లండువాణ్ణి డాగెట్ కూడా పాడుకోడు." ఆమె వంక చూడకుండా, "నువ్వు నన్నడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు.

సాయంత్రం అమ్మగారు కేకు మీద చక్కెర చల్లుతుంటే బెథయా ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పింది. తొందరగా చల్లారిస్తే గాజు దానంతటదే పోతుందట అంది.

అమ్మగారు చేతిలోని జల్లెడ కింద పెట్టారు.

"వాణ్ణి నేను పెంచాను. మా అమ్మ పోయేటప్పటికి వాడికి రెండేళ్ళు. బోస్టను పెద్దలు వాడి గాజు కొంటారు. నువ్వు వాడి పని తప్పంటావు. ఇంకొక్కసారి ఆ మాట ఈ ఇంట్లో వినబడితే మీ అక్కతోబాటు నీ పేరు కూడా రాయిస్తాను. వినబడిందా?"

"వినబడిందండి."

ఆ రాత్రి సైలెన్సు నిద్రపోయాక బెథయా అక్క వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. పదీ వెచ్చగా ఉన్నాయి.

*

శుక్రవారం మూడింటికి స్క్వైర్ బాసెట్ గారొచ్చారు. పెద్ద పొట్ట, మంచి మనిషి, పేదల జాబితా ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన భార్య చెవుడు వల్ల అన్నిటికీ నవ్వుతుంది. డీకన్ గారు ప్రార్థన చేశారు. కేకు, మురబ్బా, తెల్లరొట్టె, ఎండుచేప. నలుగురి ముందూ నాలుగు కప్పుపళ్ళేలు. టీ మరుగుతూనే పోయమన్నారు అమ్మగారు. స్క్వైర్ గారికి వేడి తగ్గితే పనికిరాదట.

బెథయా పోసింది. అందరూ కప్పులోంచి సాసర్లోకి ఒంపుకున్నారు, కప్పులు పళ్ళేల మీద పెట్టారు. స్క్వైర్ గారు సాసరు రెండు చేతులా ఎత్తి జుర్రుమని లాగారు.

"అమ్మా, ఈ ఓడ బాగుంది. దీని మీద కప్పు పెడితే ఓడలో సరుకెక్కించినట్టుంది."

"మా తమ్ముడి పని," అన్నారు అమ్మగారు. తన సాసర్లోకి ఒంపుకుని, పొగలు కక్కే కప్పుని పళ్ళెం మీద పెట్టారు.

టింగ్!

"ఏమిటది?" అన్నారు డీకన్ గారు.

"చెంచా తగిలింది," అన్నారు అమ్మగారు.

ఆవిడ భుజం వెనక టీకుండతో నిలబడ్డ బెథయాకి కనబడింది. కప్పు కిందనుంచి పళ్ళెం అంచు దాకా వెంట్రుకంత గీత. అమ్మగారు కప్పుని అరంగుళం జరిపారు. గీత కప్పు కిందికి పోయింది. ఆవిడ చెయ్యి కప్పు మీద నుంచి తీయలేదు.

ఎవరూ చూడలేదు. స్క్వైర్ గారు కేకు మింగి, జేబులోంచి మడిచిన కాగితం, పెన్సిలు తీశారు. "డీకన్ గారు చెప్పారు, ఇక్కడ ఒక పేరుందని. పని కానిచ్చేద్దాం. ఏదీ ఆ మనిషి?"

డీకన్ గారే కేకేశారు. సైలెన్సు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది, కోడి ఈక ఒకటి జుట్టులో ఉంది.

"ఏమ్మా, ఇంట్లో పళ్ళేలు పగలగొట్టావట?"

"లేదండీ."

ఇంకోసారి అడగనివ్వకు దేవుడా, అనుకుంది బెథయా.

"జాగ్రత్తగా చెప్పు," అన్నారు స్క్వైర్ గారు, పెద్దమనిషి గొంతుతో. "పగలగొట్టింది నువ్వేనా, కాదా?"

"నేనేనండీ," అంది సైలెన్సు. "రెండూ."

"ఒప్పుకుంది. గొడవలేదు." పెన్సిలు కొస నాలిక మీద తడి చేసుకున్నారు.

ఈ ఇంట్లో అనకూడని మాట ఒకటే ఉంది. అది అననక్కర్లేదు. బెథయా టీకుండ కాస్త ముందుకి వంచింది.

"కప్పు ఎత్తండమ్మగారూ, టీ పోస్తాను."

అమ్మగారు చెంచా తీసి కప్పు మీద అడ్డంగా పెట్టారు. చాలని దానర్థం. ఆ బల్ల దగ్గర ఎవరూ దాన్ని కాదనరు.

బెథయా కదల్లేదు. "కప్పు ఎత్తండమ్మగారూ."

"చెంచా పెట్టింది కనబడలేదటే?" అన్నారు డీకన్ గారు.

"కనబడిందండి." కుండ మూతి కప్పు మీదే ఉంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. "చల్లారిపోతోందమ్మగారూ. ఎత్తండి."

స్క్వైర్ గారు కాగితం మీద మొదటి అక్షరం దిద్దుతున్నారు, పైకి చదువుకుంటూ, మెల్లగా. అమ్మగారు తల తిప్పి బెథయా కళ్ళలోకి చూశారు. ఆరేళ్ళలో ఆ కళ్ళు అంత దగ్గరగా చూడలేదు. కోపం ఉంటుందనుకుంది. లేదు. తనకి సోమవారం నుంచి ఉన్న భయమే వాటిలోనూ ఉంది. ఈ గీత బయటపడితే పోయేది గాజొక్కటే కాదు, ఇన్నాళ్ళూ ఊళ్ళో చెప్పుకున్న తమ్ముడి పేరు. ఆవిడ తలుపు దగ్గరున్న సైలెన్సు వంక చూశారు, జుట్టులో ఈక వంక చూశారు.

చెంచా తీసి పక్కన పెట్టారు. కప్పు ఎత్తారు.

తడికి సగం పళ్ళెం కప్పు అడుగుకి అంటుకుని పైకి లేచింది. గాల్లో ఒక్క క్షణం ఆగి, తెల్లగుడ్డ మీద పడింది. రెండో సగం ఉన్నచోటే ఉంది.

స్క్వైర్ గారి భార్య నవ్వబోయి మానేసింది.

"ఆ పేరు కొట్టేయండి," అన్నారు అమ్మగారు. "ఇది ఇప్పుడు నా చేతికింద పోయింది. ఎవరూ పడేయలేదు. ముందువి కూడా ఇలాగే పోయాయి."

"మీ తమ్ముడు పంపినవేనా?"

"మా తమ్ముడు పంపినవే." ఆవిడ మెడ ఎర్రబడింది, మాట మాత్రం తొణకలేదు. "తొందరలో చల్లార్చాడు. ఇంకా తొమ్మిదున్నాయి, మీ ముందున్న మూడింటితో కలిపి. చూసుకుని తాగండి."

స్క్వైర్ గారు తన కప్పుని ఆదరాబాదరా గుడ్డ మీద పెట్టేశారు. రాసిన అక్షరం మీద వేలితో రుద్దారు. అది పోలేదు, మసకగా అలికింది. అడ్డంగా గీత కొట్టి కాగితం మడిచారు.

"నించున్నావేం, టీ పొయ్యి," అన్నారు అమ్మగారు బెథయాతో, తల ఎత్తకుండా.

బెథయా పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు. వంటింటి తలుపు దాటాక మాత్రం కుండ కింద పెట్టడానికి రెండు చేతులూ కావలసొచ్చాయి. పొయ్యి పక్క పీట మీద కూలబడింది. సైలెన్సు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అయితే నేను పగలగొట్టలేదా చెల్లీ?"

"లేదక్కా."

"మరి నువ్వో?"

"నేనూ లేదు."

సైలెన్సు చాలాసేపు ఆలోచించింది. అంతసేపు ఆమె నోరు మూసుకుని ఉండటం బెథయా ఎప్పుడూ చూడలేదు.

"మరి మనమెందుకే ఒప్పుకున్నాం?"